వాటర్‌ప్రూఫ్ కెమెరా ప్రాణమంతా మూతలోని రబ్బరులోనే

ఈశాన్య రుతుపవనాలు మొదలై శేషాచలం కొండల మీద రెండు మూడు రోజులు ముసురు పట్టిందంటే చాలు, కపిలతీర్థం దగ్గర నీళ్లు దూకుతున్నాయన్న మాట తిరుపతి అంతా పాకుతుంది. ఆ ఆదివారం చుట్టుపక్కల జలపాతాలకు జనం కదులుతారు, తలకోన దారిలో, కైలాసకోన దగ్గర, ఉబ్బలమడుగు వైపు ఎటు చూసినా బైకులే. అక్కడికి వెళ్లినవాళ్లలో చాలామందికి ఎదురయ్యేది ఒకటే: ఫోన్ తీస్తారు, తుంపర్లు స్క్రీన్ మీద పడతాయి, ఇక వేలు ఒకచోట పెడితే ఇంకోచోట నొక్కుకుంటుంది, కెమెరా తెరవబోతే ఇంకేదో తెరుచుకుంటుంది. ఫోన్ పాడవలేదు. టచ్ స్క్రీన్ నీటి బొట్టును కూడా వేలు అనుకుంటోంది, అంతే. ఈ అవస్థ పడ్డాకే చాలామంది తడిసినా ఫరవాలేని చిన్న కెమెరా ఏదైనా ఉందా అని వెతకడం మొదలుపెడతారు.

ఉంది. రగ్గడ్ కాంపాక్ట్ అంటారు. జేబులో పడుతుంది, నీళ్లలో ముంచవచ్చు, చెయ్యి జారి పడినా తట్టుకుంటుంది, లోపలికి దుమ్ము పోదు. బటన్లు నిజమైన బటన్లు కాబట్టి తడి చేత్తో నొక్కినా చెప్పినట్టే వింటుంది. 2006లో ఒలింపస్ తెచ్చిన మ్యూ 720 ఎస్‌డబ్ల్యూ 3 మీటర్ల లోతు వరకే దిగేది. ఆ తర్వాత లోతు అంకె మీదే కంపెనీల పోటీ నడిచింది. నికాన్ డబ్ల్యూ300 (2017) 30 మీటర్లు, పానాసోనిక్ ఎఫ్‌టీ7 (2018) 31 మీటర్లు, ఫుజీఫిల్మ్ ఎక్స్‌పీ140 (2019) 25 మీటర్లు. ఈ మూడు కంపెనీలూ ఇప్పుడు ఈ రకం కెమెరాల నుంచి తప్పుకున్నాయి. ఒలింపస్ కెమెరాల విభాగం 2021లో ఓఎం డిజిటల్ సొల్యూషన్స్‌గా విడిపోయి 2023లో టీజీ-7 తెచ్చింది, రికో సంస్థ పెంటాక్స్ పేరుతో డబ్ల్యూజీ వరుసను నడుపుతోంది. కొత్తది కొనాలంటే ప్రధానంగా ఈ రెండిటి మధ్యే ఎంపిక.

పెట్టె మీద పెద్దగా కనిపించేది లోతు అంకే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. టీజీ-7కి 15 మీటర్లు, డబ్ల్యూజీ-8కి 20 మీటర్లు అని ఉంటుంది. 10 మీటర్ల నీరు పైన ఉందంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బరువు అదనంగా నొక్కుతున్నట్టు. 15 మీటర్లంటే కిలోన్నర. బాగానే ఉంది గానీ, తలకోన గుండంలో దిగేవాళ్లు, తూపిలిపాలెం సముద్రంలో నడుము లోతులో నిలబడేవాళ్లు, ఇంటి పిల్లల్ని స్విమ్మింగ్ పూల్‌కి తీసుకెళ్లేవాళ్లు ఎంత లోతు పోతారు? రెండు మీటర్లు దాటేవాళ్లు అరుదు. స్కూబా డైవింగ్ నేర్చినవాళ్లకు తప్ప మిగతావాళ్లకు 15కీ 20కీ తేడా చూసి ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థం లేదు.

పైగా ఆ అంకె కదలని నీళ్లలో చేసిన పరీక్షది. బండ మీద నుంచి కెమెరా పట్టుకుని దూకితే లెక్క మారిపోతుంది. 5 మీటర్ల ఎత్తు నుంచి దూకినవాడు సెకనుకు సుమారు 10 మీటర్ల వేగంతో నీళ్లను తాకుతాడు. ఎదురొచ్చే నీటి తోపుడు ఒక్కటే 5 మీటర్ల లోతు ఒత్తిడికి సమానం, మొదట తగిలే చెంపదెబ్బ లాంటి తాకిడి అంతకంటే ఎక్కువ. జలపాతం కింద నేరుగా పెట్టినా ఇదే సంగతి. తలకోనలో నీళ్లు 270 అడుగుల నుంచి పడతాయి. మధ్యలో గాలికి చెదిరి తుంపర్లు అవుతాయి కాబట్టి సరిపోయింది గానీ, ధార చెదరకుండా పడే చోట కెమెరాను ధారకు ఎదురుగా పట్టడం మంచిది కాదు. దుమ్మునూ నీళ్లనూ ఎంత ఆపుతుందో చెప్పడానికి ఫోన్ల మీద ఉండే ఐపీ68 అన్న గుర్తు కూడా ఇలాంటిదే. అందులో చివరి 8 అంటే ఒక మీటరు లోతు పరీక్ష కన్నా కఠినంగా నీళ్లలో ముంచినా లోపలికి నీళ్లు పోలేదని మాత్రమే, ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీ ఇష్టం. ధారగా కొట్టే నీళ్లకు వేరే పరీక్ష, వేరే అంకెలు ఉన్నాయి. 8 వచ్చినంత మాత్రాన ఆ పరీక్ష కూడా పాసైనట్టు కాదు.

అసలు నీళ్లు లోపలికి పోయే దారి ఎక్కడ? కెమెరా ఒళ్లంతా ఫ్యాక్టరీలో మూసేస్తారు. జూమ్ చేసినా లెన్స్ బయటకు పొడుచుకు రాదు, కాంతిని లోపలే మలుపు తిప్పి ఫొటోను పట్టే సెన్సర్ మీదకు పంపుతారు, ముందు ఒక గాజు పలక కదలకుండా ఉంటుంది. మనం రోజూ తెరిచి మూసేవి బ్యాటరీ, కార్డు ఉండే మూత, చార్జింగ్ కేబుల్ పెట్టే మూత. పాత కథల్లో మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు ఈ కెమెరా ప్రాణం ఆ మూతల చుట్టూ ఉన్న సన్నటి రబ్బరులో ఉంది. గాస్కెట్ అన్నా, సీల్ అన్నా, వాషర్ అన్నా అదే. మూత బిగించినప్పుడు ఆ రబ్బరు కొంచెం నలిగి రెండు వైపులా ఖాళీ లేకుండా అతుక్కోవాలి. మనిషి తల వెంట్రుక మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు, కానీ అది రబ్బరు మీద అడ్డంగా పడితే దాని పక్కన ఏర్పడే సందు నీటికి సరిపోతుంది. ఇసుక రేణువైనా, టవల్ నుంచి ఊడిన పోగైనా అంతే.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడి మూతను ఇంకా లోపలికి నొక్కుతుంది, రబ్బరు ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. మూత మీద ఒత్తిడి పెద్దగా లేని ఒక అడుగు లోతులోనే సరిగ్గా పడని సీల్ తన లోపం బయటపెడుతుంది. అందుకే 15 మీటర్ల కెమెరా బకెట్‌లో ముంచినప్పుడు పాడైందని ఎవరైనా చెబితే అది అబద్ధం అనుకోనక్కర్లేదు. లోతు అంకె తప్పు కాదు, మూత దగ్గర తప్పు జరిగింది.

కాబట్టి షాపులో కెమెరా చేతికొచ్చినప్పుడు ముందు మూతలు తెరిచి చూడండి. లాక్ ఒకటేనా రెండా? గొళ్లెం పడిన తర్వాత ఇంకో చిన్న మీట జరిపితే తప్ప తెరుచుకోకుండా ఉండే రెండు దశల లాక్ ఉన్నదే తీసుకోవాలి, టీజీ వరుసలో అలాగే ఉంటుంది. మూత సరిగ్గా పడకపోతే ఎర్రగానో పచ్చగానో గుర్తు కనిపిస్తుందా? తడి వేళ్లతో పొరపాటున తెరుచుకునే చోట ఉందా? సీల్ మార్చే సర్వీసు మనకు అందుబాటులో ఎక్కడ ఉంది, చెన్నై పంపాలా, ఎన్ని రోజులు పడుతుంది? ఈ ఆఖరి ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, కానీ ఒలింపస్ లాంటి కంపెనీలు ఏడాదికోసారి సీల్ మార్పించమని తమ పుస్తకాల్లోనే రాస్తాయి. మార్పించే వీలు లేని చోట ఆ కెమెరా రెండో ఏడాది నుంచి ధైర్యంగా ముంచలేని కెమెరాయే. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఈ చింత ఇంకా ఎక్కువ. ఎదుటివాడు దాన్ని ఎన్నిసార్లు కింద పడేశాడో మనకు తెలియదు. దగ్గరి ఫొటోలకూ వానకూ వాడుకోవడానికి సరే, ముంచడానికి వద్దు.

మన ఊళ్లలో రబ్బరుకు చలి కన్నా ఎండే పెద్ద శత్రువు. ఈ కెమెరాలు మైనస్ 10 డిగ్రీల చలిలో కూడా పనిచేస్తాయని గొప్పగా రాస్తారు, పై హద్దు మాత్రం సాధారణంగా 40 డిగ్రీలు. మే నెలలో తిరుపతి, రేణిగుంట నీడలోనే 40 దాటుతాయి. అలిపిరి దగ్గర ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద ఇంకెంత ఉంటుందో చెప్పక్కర్లేదు. అలా వేడెక్కుతూ ఉంటే నలిగిన రబ్బరు నలిగినట్టే ఉండిపోతుంది, మళ్లీ ఉబ్బి సందు మూయదు. కెమెరాను కారులో వదలకండి, బీరువాలో పెట్టండి.

సీల్ శుభ్రం చేయడం కూడా పెద్ద పని కాదు. వెలుగులో తిప్పి చూసి, పోగులు రాలని మెత్తటి పొడిగుడ్డతో రబ్బరునూ, దానికి ఎదురుగా ఉండే గాడినీ తుడవాలి. పిన్నుతోనో గోటితోనో రబ్బరును బయటకు లాగకూడదు. మెత్తగా ఉంటుందని కొబ్బరినూనె రాయడం అసలు వద్దు, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. వేరే కెమెరాల వాటర్‌ప్రూఫ్ పెట్టెలకు రాసే సిలికాన్ గ్రీజును చూసి దీనికీ రాసేవాళ్లు ఉన్నారు, కంపెనీ రాయమంటే తప్ప అదీ వద్దు.

ఇక మంచు పట్టడం. నీళ్లలో దించిన పది నిమిషాలకే లెన్స్ గాజుకు లోపలివైపు పొగలా కమ్ముకుంటుంది, ఫొటోలన్నీ తెల్లగా వస్తాయి, నీళ్లు పోయాయేమోనని టెన్షన్ మొదలవుతుంది. చాలాసార్లు నీళ్లు పోయి ఉండవు. మూత వేసినప్పుడు బయటి గాలి కూడా లోపల బందీ అయింది, ఆ గాలిలో తేమ ఉంది. 35 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న గాలి సుమారు 26 డిగ్రీలకు చల్లబడితే అందులోని ఆవిరి నీటి బొట్లవుతుంది. కొండల్లోంచి వచ్చే వాగు నీళ్లు అంతకంటే చల్లగా ఉంటే గాజు మీద చెమ్మ పట్టక తప్పదు. అదే 24 డిగ్రీల ఏసీ గదిలో, 50 శాతం తేమలో మూత వేస్తే లోపలి గాలి 13 డిగ్రీల దాకా చల్లబడినా ఏమీ కాదు. అంటే పరిష్కారం చాలా సులువు: బ్యాటరీ చార్జ్ చేసి, ఖాళీ కార్డు పెట్టి, ముందు రోజు రాత్రి ఏసీ గదిలోనే మూతలు వేసేసి, మళ్లీ ఇంటికొచ్చేదాకా తెరవకుండా ఉండటం. టీజీ-7 బ్యాటరీ ఒక చార్జికి సుమారు 330 ఫొటోలు ఇస్తుంది. రోజుకు చాలు, తిరిగిన దారిని నమోదు చేసే జీపీఎస్ లాగ్ ఆన్ చేసి వదిలేయకపోతే. జలపాతం దగ్గర బండ మీద కూర్చుని బ్యాటరీ మార్చడం ఈ కెమెరాకు చేయగల చెడ్డ పనుల్లో మొదటిది. ఏసీ కారు నుంచి దిగగానే గాజు పైవైపు పట్టే చెమ్మ వేరు, అది పది నిమిషాలు ఆగితే తనే పోతుంది.

తూపిలిపాలెం బీచ్‌కో పులికాట్ వైపుకో వెళ్లినప్పుడు ఉప్పు సంగతి గుర్తుండాలి. ఉప్పునీరు ఆరితే బటన్ల సందుల్లో, మూతల గాడుల్లో ఉప్పు పలుకులు మిగులుతాయి, అవి రబ్బరు కింద చేరితే ఇసుకతో సమానం. ఆరకముందే మంచినీళ్లలో మూతలు తెరవకుండా ఒక పది నిమిషాలు నానబెట్టి, నీళ్లలోనే బటన్లు నాలుగైదు సార్లు నొక్కాలి. బీచ్‌లో మంచినీళ్లు దొరకడం కష్టం కాబట్టి ఇంటి నుంచే ఒక క్యాను, చిన్న డబ్బా తీసుకెళ్తే నయం. ఇంటికొచ్చాక మన బోరు నీళ్లతో కడిగితే ఇంకో చిక్కు, గాజు మీద తెల్ల మరకలు కడతాయి. ఆఖరున తాగే నీళ్లతో కడిగి తుడిచి, నీడలో ఆరనిచ్చి, పూర్తిగా పొడిబారాకే మూత తెరవాలి.

కెమెరాతో పాటు చేతిపట్టీ కూడా కొనాలి. టీజీ-7 పావు కిలో ఉంటుంది, జారితే నేరుగా అడుక్కి పోతుంది. గుండం అడుగున బండల మధ్య నల్లటి కెమెరా కనబడదు. తేలే పట్టీ, పసుపో నారింజో రంగుది, చేతికి బిగించుకుంటే ఆ భయం పోతుంది. ఇక కింద పడినా తట్టుకుంటుందన్న మాటను కూడా సరిగ్గా అర్థం చేసుకోవాలి. 2.1 మీటర్ల నుంచి పడేసే పరీక్ష ప్లైవుడ్ పలక మీద చేసేది, తలకోన బండ మీద కాదు. బండ మీద పడ్డ తర్వాత కెమెరా ఆన్ అయింది కదా అని వెంటనే నీళ్లలో దించేస్తారు. ఆన్ అవడం వేరు, మూత అంచు ఒంకర పోకుండా ఉండటం వేరు. గట్టిగా పడ్డ కెమెరాను ఆ రోజుకు నీళ్లకు దూరంగా ఉంచి, ఇంట్లో మూతలు, గాజు, అంచులు చూశాకే మళ్లీ నమ్మాలి.

ఫొటో నాణ్యత గురించి కొంతమంది అతిగా ఆశిస్తారు. ఈ కెమెరాల్లో ఉండేది సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సర్, ఈమధ్య వచ్చే మంచి ఫోన్లలో దీనికన్నా పెద్దది ఉంటుంది. కాబట్టి సాయంత్రం వెలుతురులో, రాత్రి జాతరలో ఫోనే బాగా తీస్తుంది. వీటి బలం పగటి వెలుతురులో, తడిలో, దుమ్ములో. టీజీ-7లో 12 మెగాపిక్సెల్ మాత్రమే ఉందని తీసిపారేయడం తప్పు, ఇంత చిన్న సెన్సర్ మీద 20 మెగాపిక్సెల్ ఇరికించినందువల్ల చీకట్లో లాభం లేదు. రా ఫైలు, అంటే కెమెరా మార్పులు చేయని అసలు ఫొటో సమాచారం, ఇస్తుందా, జూమ్ చేయనప్పుడు లెన్స్ ఎఫ్/2 దాకా, అంటే ఎక్కువ వెలుతురు వచ్చేంతగా, తెరుచుకుంటుందా అన్నవి మెగాపిక్సెల్ కన్నా ముఖ్యం. టీజీ-7లో ఈ రెండూ ఉన్నాయి. లేనిది ఒకటుంది, షట్టర్ వేగాన్ని నేరుగా ఎంచుకునే మోడ్. జలపాతాన్ని పాలధారలా మెత్తగా తీయాలంటే షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉండాలి, ఆ కోరికతో కొంటే నిరాశ పడతారు.

జలపాతం దగ్గర ఫ్లాష్ ఆపేయండి, లేకపోతే దగ్గరున్న ప్రతి తుంపరా తెల్లటి బంతిలా పడుతుంది. తెల్లటి ధారలో వివరం పోకుండా ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుతురు, కొంచెం తగ్గించాలి, మైనస్ 0.7 దగ్గర మొదలుపెట్టి చూడొచ్చు. ముందు గాజు మీద ఒక్క బొట్టు నిలిచినా ఫొటో మధ్యలో మసక మచ్చ వస్తుంది కాబట్టి ప్లాస్టిక్ కవర్లో ఒక పొడిగుడ్డ ఉంచుకోవాలి. నీళ్ల లోపల తీసేటప్పుడు చేయాల్సిందల్లా దగ్గరకు పోవడమే. నీరు ముందుగా ఎరుపు రంగును మింగేస్తుంది, నలకలు వెలుతురును చెదరగొడతాయి. రెండు మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీసిన చేప పచ్చటి మసకగా వస్తుంది, అదే చేప మూరెడు దూరంలో స్పష్టంగా వస్తుంది.

దగ్గరి ఫొటోల మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి, చిత్తూరు, తిరుపతి వాళ్లకు ఈ కెమెరా నిజంగా పనికొచ్చేది దీనికే. టీజీ వరుసలో మైక్రోస్కోప్ మోడ్ ఉంది, లెన్స్ నుంచి ఒక సెంటీమీటరు దూరంలో ఉన్న వస్తువు మీద కూడా ఫోకస్ కుదురుతుంది. మామిడి పూత మీద తేనెమంచు పురుగు, తోతాపురి కాయ మీద పండు ఈగ పొడిచిన గాటు, టమాటా ఆకు వెనక దాక్కున్న పేను, ఇవన్నీ రైతు ఫోనులో మసకగా తీసి చూపిస్తే సలహా చెప్పేవాళ్లకు ఏమీ తెలియదు. మందు కొట్టిన తోటలో, బురదలో, మంచు ఆరని పొద్దున్నే పని చేసి, సాయంత్రం కుళాయి కింద కడిగేసుకోగల కెమెరా ఇంకేది ఉంది? శ్రీకాళహస్తి కలంకారీ బట్టను పారే నీళ్లలో జాడించేటప్పుడు నీటి మట్టం దగ్గర నుంచే రంగు విడిచే తీరును తీయవచ్చు. కుప్పం వైపు గ్రానైట్ క్వారీల దుమ్ములో లెన్స్ బయటకు వచ్చే మామూలు కెమెరా ఎక్కువ రోజులు బతకదు, ఇది బతుకుతుంది. అంత దగ్గరకు పోయినప్పుడు కెమెరా నీడే వస్తువు మీద పడుతుంది కాబట్టి వెలుతురు కావాలి. పెంటాక్స్ డబ్ల్యూజీ-8కి లెన్స్ చుట్టూనే చిన్న ఎల్‌ఈడీలు ఉంటాయి, టీజీకి విడిగా రింగు కొనాలి. పొలం పనికి కొనేవాళ్లు ఈ తేడాను లోతు అంకె కన్నా ముందు చూడాలి. అడవిలో మాత్రం ఒక మాట. తిరుమల కొండల్లో తడి బండల మధ్య బంగారు బల్లి ఉంటుంది. దగ్గరి ఫొటో కోసం అది దాక్కునే సందులోకి కెమెరా తోయడం, ముఖం మీద ఫ్లాష్ కొట్టడం చేయకూడదు.

వీడియోనే ముఖ్యమైతే ఒంటికో హెల్మెట్‌కో తగిలించుకునే యాక్షన్ కెమెరా మేలు. గోప్రో హీరోల్లో చాలావరకు పెట్టె లేకుండానే 10 మీటర్లు దిగుతాయి, కదలికను బాగా నిలబెడతాయి, కానీ నిజమైన జూమ్ లేదు, మామూలుగా పురుగును దగ్గరగా తీయలేవు. ఏడాదికి ఒకసారి జలపాతానికి వెళ్లేవాళ్లకు ఏ కెమెరా అవసరం లేదు, ఫోనుకు మంచి వాటర్‌ప్రూఫ్ పౌచ్, ముందు లోపల టిష్యూ పెట్టి బకెట్‌లో ముంచి చూసుకున్నది, సరిపోతుంది. ఇక కెమెరా నీళ్లను తట్టుకుంటుందన్న ధైర్యంతో మనిషి లోతుకు పోవడం మాత్రం జరగకూడదు. 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధులే ఏరులయ్యాయి, కొండల్లో వాన పడితే వాగు ఎంత తొందరగా పొంగుతుందో అప్పుడు అందరూ చూశారు. అటవీశాఖ వద్దన్న రోజు వద్దు.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా నీళ్లు పోతే మొదటి నిమిషంలో చేసే పనే ముఖ్యం. ఆన్ అవుతుందో లేదో చూద్దామని బటన్ నొక్కవద్దు. ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి, పైన తడి తుడిచి, మూత కిందికి ఉండేలా పట్టుకుని తెరిచి బ్యాటరీ తీసేయాలి. సముద్రపు నీరైతే అది లోపల ఆరేలోపే సర్వీసుకు చేర్చాలి, ఉప్పు లోహాన్ని తినడం ఆ రోజే మొదలవుతుంది. బియ్యం డబ్బాలో పెట్టొద్దు, ఆ పొడి మూత గాడుల్లో చేరుతుంది. ఫ్యాను గాలికి తెరిచి ఉంచండి. మెమరీ కార్డును తీసి, మంచినీళ్లతో కడిగి, ఒక రోజు ఆరబెట్టి కంప్యూటర్‌లో పెడితే కెమెరా పోయినా ఫొటోలు చాలావరకు దక్కుతాయి.